పోటు ఆగే ఊళ్లో సముద్రపు నాచు

న్యూయార్క్ రేవుకు దాదాపు 240 కిలోమీటర్లు ఎగువన ఉన్నా, ట్రాయ్ పట్టణం దాకా హడ్సన్ నదిలో సముద్రపు పోటు తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడి ఫెడరల్ డ్యామ్ దగ్గర అది ఆగుతుంది. ఉప్పు మాత్రం ఇంత దూరం రాదు, నాచూ రాదు. మేం వెతుక్కుంటూ వచ్చింది ఆ నాచు కథనే.

ఒకప్పుడు చొక్కా కాలర్లకు పేరుపడ్డ ఊరిది. దిగువ వీధుల నుంచి 1907 నాటి రాతిమెట్లు ఎక్కితే, 1824లో మొదలైన రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ వస్తుంది. ఎక్కేసరికి ఆయాసం తప్పదు.

ఇక్కడి ఆచార్యుడు రాబర్ట్ లిన్‌హార్ట్ పేరు చెబితే మొదట గుర్తొచ్చేది హెపారిన్. పంది పేగుల నుంచి తీసే ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. 2008లో హెపారిన్ కల్తీ బయటపడినప్పుడు, ఆ కల్తీ ఏమిటో తేల్చిన బృందంలో ఆయనా ఉన్నారు. హెపారిన్ అంటే సల్ఫేట్లు అంటుకున్న పొడవాటి చక్కెర గొలుసు. గోధుమరంగు నాచుల్లోని ఫ్యూకోయిడాన్‌దీ అదే బాపతు. స్వీడన్‌కు చెందిన హారాల్డ్ కైలిన్ దాన్ని 1913లోనే గుర్తించాడు.

మన కణాల పైపొరమీదా ఇలాంటి గొలుసులుంటాయి. కరోనా వైరస్ ముల్లు లోపలికి దూరే ముందు వాటిని పట్టుకుంటుంది. అలాంటి గొలుసునే ఎరగా వేస్తే? లిన్‌హార్ట్, ఆయన సహ పరిశోధకుడు జొనాథన్ డోర్డిక్ తదితరులు జపాన్ వంటల్లో కొంబుగా వాడే నాచు నుంచి తీసిన రెండు ఫ్యూకోయిడాన్లను, హెపారిన్‌తో పాటు పరీక్షించి, 2020 జూలైలో ‘సెల్ డిస్కవరీ’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు.

నాచు నుంచి ఈ చక్కెరను రాబట్టడానికి ఓపిక కావాలి. సాధారణంగా ఎండు నాచును పొడికొట్టి, ఆల్కహాల్‌తో రంగు, కొవ్వు తీసేసి, వేడినీళ్లలో నానబెడతారు. కాల్షియం క్లోరైడ్ కలిపితే జిగురుగా ఉండే ఆల్జినేట్ అడుగుకు చేరుతుంది. వడగట్టిన నీళ్లలో మళ్లీ ఆల్కహాల్ పోస్తే ఫ్యూకోయిడాన్ విడివడుతుంది. తర్వాత దాన్ని శుద్ధిచేసి, ఆరబెట్టి, గొలుసు పొడవు, సల్ఫేట్ల పాళ్లు కొలుస్తారు.

పరీక్షించిన రెండింటిలో ఆర్‌పీఐ-27 అని పేరుపెట్టిన పెద్ద గొలుసు సుమారు 83 నానోమోలార్ గాఢతలోనే వైరస్‌ను సగానికి అడ్డుకుంది. రెమ్డెసివిర్ అనే వైరస్ మందుకు 770 కావాలని లెక్క. వార్తలు ఇక్కడే ఎగిరి గంతేశాయి. కానీ ఈ గొలుసు ఒక్కో అణువూ రెమ్డెసివిర్ అణువుకు నూట అరవై రెట్లకు పైగా బరువు. మిల్లీలీటరుకు ఎంత బరువు కావాలో లెక్కిస్తే ఆర్‌పీఐ-27కి 8.3 మైక్రోగ్రాములు కావాలి, రెమ్డెసివిర్‌కు అర మైక్రోగ్రామ్ కూడా అక్కర్లేదు. పైగా పరీక్ష జరిగింది కోతి మూత్రపిండ కణాలమీద. ముక్కులోకి స్ప్రేగా వాడొచ్చన్నది పరిశోధకుల ఆలోచన.

మన విశాఖ రాళ్లమీదా సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు పెరుగుతుంది, అందులోనూ ఫ్యూకోయిడాన్ ఉంది. అయితే జాతిని, కోసిన కాలాన్ని, తీసిన పద్ధతిని బట్టి గొలుసు మారిపోతుంది. అందుకే కొంబు లెక్కలు చూపించి సర్గాసమ్‌కు గొప్పలు ఆపాదించలేం. అదే పొడి, అదే వేడినీళ్లు, అదే కొలత మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే.