అమ్మ ఓటు కొవ్వూరులోనే

2024 నవంబర్‌లో ఓ సాయంత్రం కొవ్వూరు నుంచి మావయ్య ఫోన్ చేశాడు. ఓటర్ల జాబితా సవరణ జరుగుతోందని, బూత్ స్థాయి అధికారి ఇంటికొచ్చి అడిగి వెళ్లాడని, అక్క పేరు తీయించాలి కదా అని. ఫారం-7 నేనే నింపి ఆన్‌లైన్‌లో పంపుతానన్నాను. పన్నెండేళ్లుగా ఎన్నికల వార్తలు రాస్తున్నదాన్ని, ఆ మాత్రం చేయలేనా అన్న ధీమా. తీరా చూస్తే ఆ ఫారం ఇవ్వాల్సింది అదే నియోజకవర్గం జాబితాలో పేరున్నవాళ్లు. నా ఓటు గురుగ్రామ్‌లో ఉంది. అమ్మ పేరు కొట్టేయమని అడిగే అర్హత నాకు లేదు. మావయ్యే సంతకం పెట్టాడు. ‘‘నువ్వు పెట్టకపోవడమే మంచిదిలే’’ అన్నాడు ఆ తర్వాత. ఎందుకన్నాడో ఆయనా వివరించలేదు, నేనూ అడగలేదు.

అమ్మ మండల పరిషత్ స్కూల్లో సెకండరీ గ్రేడ్ టీచర్. గోదావరి గట్టు పక్క ఊళ్లలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పింది. ఆ రోజుల్లో టీచర్ ఉద్యోగమంటే సగం చదువు చెప్పడం, సగం సర్కారు లెక్కలు రాయడం. జనాభా లెక్కలు, పల్స్ పోలియో, ఎన్నికలు అన్నింటికీ వాళ్లే దిక్కు. 1983 జనవరి అసెంబ్లీ ఎన్నికలు అమ్మ మొదటి పోలింగ్ డ్యూటీ. తెలుగుదేశం పుట్టి అప్పటికి పది నెలలు కూడా కాలేదు. లంక గ్రామంలో బూత్. బ్యాలెట్ పెట్టెతో పాటు అమ్మనీ పడవ ఎక్కించారు. ఆడవాళ్ల క్యూలో ఒక్కొక్కరి వేలికీ సిరా రాయడం ఆమె పని. ఆ రోజు ఎంతమంది వేళ్లు పట్టుకుందో చెప్పలేనుగానీ, పేడ పిసికిన వేళ్లు, బీడీలు చుట్టిన వేళ్లు, గోరింటాకు పెట్టిన వేళ్లు అన్నీ గుర్తున్నాయనేది.

ఆమెకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. పోలింగ్ గడువు ముగిసేసరికి క్యూలో ఎంతమంది ఉంటే అంతమందికీ నంబర్ వేసిన చీటీలు ఇస్తారు. అయితే పంచడం ముందు నుంచి కాదు, చివరి నుంచి. ఆఖరున నిలబడ్డ మనిషికి ఒకటో నంబర్. అలా అయితేనే వెనక కొత్తగా ఎవరూ వచ్చి చేరలేరు. ‘‘చిట్టచివర్న ఉన్నవాడికి ఒకటో నంబర్ ఇచ్చేది ఎన్నికల్లోనేనే’’ అని నవ్వేది. రాజనీతి శాస్త్రంలో రెండేళ్ల ఎం.ఏ.లో ప్రాతినిధ్యం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ చీటీల సంగతి ఎక్కడా లేదు.

నాన్న 2011లో పోయారు. అమ్మకు నేనొక్కదాన్నే. 2017 జనవరిలో మా వాడు పుట్టాడు. ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచిన సవరణ చట్టం ఆ ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటికే సెలవులో ఉన్న నాకూ ఆ మేలు దక్కింది. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని అదే చట్టం చెప్పింది. దాన్ని గురించి అప్పట్లో నేనున్న ఆఫీసులో అడిగితే ‘పరిశీలిస్తున్నాం’ అన్నారు. ఆ పరిశీలన ముగిసేలోపు నా సెలవు ముగిసింది. అమ్మ జూన్‌లో రిటైరైంది. జులైలో గురుగ్రామ్‌లో దిగింది.

నేను చిన్నప్పుడు అమ్మ బడికి వెళ్తే నన్ను పెంచింది అమ్మమ్మ. అందులో కొత్తేమీ లేదు, తరం మారిందంతే అనుకున్నాను. అమ్మ మాత్రం ఒకసారి అంది: ‘‘మా అమ్మ నిన్ను తన ఇంట్లో ఉండి పెంచింది. నేను ఆవిడని కొవ్వూరు దాటించలేదు.’’ నిష్ఠూరంగా అనలేదు. ఉన్న తేడా చెప్పింది.

గురుగ్రామ్ ఆమెకు పదకొండో అంతస్తు నుంచి కనిపించే ఊరు. గుర్గావ్ పేరు మార్చి అప్పటికి ఏడాదైనా కాలేదు. ద్రోణాచార్యుడికి గురుదక్షిణగా దక్కిన ఊరని ఐతిహ్యమని చెబితే ‘‘అయితే బొటనవేలు జాగ్రత్త’’ అంది. ఇక్కడి ఖాండ్సాలో ఏకలవ్యుడికి కూడా గుడి ఉందని తెలిశాక కాస్త శాంతించింది. బాల్కనీ గ్రిల్‌కు బచ్చలి తీగ పాకించింది. డిసెంబర్ చలికి అది ఏటా మాడిపోయేది. గింజలు మాత్రల డబ్బాలో దాచి మార్చిలో మళ్లీ వేసేది. సాయంత్రాలు పిల్లాడితో కింద పార్కుకు వెళ్లేది. అక్కడ బెంగాలీ, ఒడియా, మలయాళీ, మరాఠీ అమ్మమ్మలు, నానమ్మలు ఉండేవాళ్లు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా అందరూ వచ్చిన పని ఒక్కటే. 2011 జనాభా లెక్కల్లో వలసకు కారణాలు ఇలా రాసుకున్నారు: ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టాక తరలడం, కుటుంబంతో తరలడం, ఇతరాలు. కూతురి ఉద్యోగం నిలబెట్టడానికి వచ్చిన తల్లికి ఆ వరుసలో విడిగా గడి లేదు. పార్కు బెంచీల మీద కూర్చున్నవాళ్లలో చాలామంది ‘ఇతరాలే’.

ఆధార్‌లో చిరునామా మార్చుకుంది, బ్యాంకు ఖాతా మార్చుకుంది. ఓటు మాత్రం మార్చనంది. చట్టం నా వైపే ఉందనుకుని వాదించాను. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు ఉండాలి. ‘‘నేనిక్కడ నివాసం ఉండటం లేదే, డ్యూటీ మీద ఉన్నాను’’ అంది. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదని అదే చట్టం చెబుతోందని ఆమెకు తెలుసో లేదోగానీ నా దగ్గర జవాబు లేకపోయింది. ‘‘డ్యూటీలో ఉన్నవాళ్లకి పోస్టల్ బ్యాలెట్ ఇస్తారు కదా, నాకూ ఇప్పించు’’ అని ఏడిపించేది.

2019లో వెళ్లొచ్చింది. ఏప్రిల్ 11న పోలింగ్. రెండు వారాలు సెలవు పెట్టి పిల్లాడిని నేను చూసుకున్నాను. తిరిగొచ్చి రైలు దిగీ దిగగానే స్టేషన్‌లో ఎడమచేతి వేలు చూపించింది. సిరా సరిగ్గా రాయలేదని, తనైతే గోరు మొదట్లో పట్టేలా రాసేదాన్నని ఫిర్యాదు.

2022 డిసెంబర్‌లో ఎన్నికల సంఘం రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనా సిద్ధమైందని ప్రకటించింది. ఒకే బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు వేయవచ్చు. ఉన్న ఊళ్లోనే సొంతూరి ఓటు. మర్నెల 16న పార్టీలను పిలిచారు, చాలా పార్టీలు సందేహాలు లేవనెత్తాయి. ఆ వార్త నేనూ రాశాను. చదివి, ‘‘నాలాంటి వాళ్ల కోసమేనా?’’ అంది. 2024 నాటికి రావచ్చన్నాను. రాలేదు.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ, లోక్‌సభకూ కలిపి పోలింగ్. మార్చి నుంచే అమ్మ రైలు టికెట్ల మాట ఎత్తింది. నన్ను ఉత్తరప్రదేశ్ ఎన్నికలకు వేశారు. మావారు బెంగళూరులో ప్రాజెక్టులో ఉన్నారు. మా వాడికి స్కూలు. ఎండలు చూపించాను, ఆమె బీపీ చూపించాను. అవన్నీ నిజాలే. కానీ అసలు కారణం ఆమె లేకపోతే నా పని సాగదు. అది చెప్పలేక, ‘‘ఒక్క ఓటుతో ఏమవుతుందమ్మా?’’ అన్నాను.

ఓటు విలువ మీద నేను రాసిన వ్యాసాలను కత్తిరించి ఫైల్లో పెట్టుకున్న మనిషితో అన్నాను ఆ మాట. అమ్మ వాదించలేదు. ‘‘అవున్లే’’ అని వంటింట్లోకి వెళ్లింది. ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదు. అది కోపమా, మరుపా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

13న నేను లక్నోలో ఉన్నాను. ఆమె పొద్దున్నుంచీ టీవీ ముందే కూర్చుందని మా వాడు చెప్పాడు. సాయంత్రం ఆరు కాగానే ‘‘ఇప్పుడు చీటీలిస్తుంటారు నాన్నా, చివరి నుంచి’’ అందట. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ పోలింగ్ 81.86 శాతం. ఆ అంకె నేనే నా వార్తలో రాశాను. మిగిలిన శాతంలో అమ్మ ఉందని రాస్తున్నప్పుడు తోచలేదు.

మే 25న గురుగ్రామ్ పోలింగ్. నేను వేసి బయటకు వచ్చేసరికి స్కూలు గేటు నీడలో పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నా వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘‘బాగానే రాశారు’’ అంది.

ఆగస్టు చివర్లో పక్షవాతం. పదకొండు రోజులు ఐసీయూ. రోజుకు పది నిమిషాలు లోపలికి పంపేవాళ్లు. ఆ పది నిమిషాల్లో పిల్లాడి సంగతులన్నీ చెప్పాను. ఓటు సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆమెకు చివరి రోజులని నేను ఒప్పుకున్నట్టు అవుతుందని భయం. సెప్టెంబర్ మొదటి వారంలో తెల్లవారుజామున పోయింది. తలకొరివి నేనే పెట్టాను. మావయ్య సహా ఎవరూ కాదనలేదు.

అస్థికలు తీసుకుని ఏ.పి. ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మేలో ఆమె వెళ్తానన్న రైలు అదే. గోష్పాద క్షేత్రం రేవులో నీళ్లు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. అమ్మ కాలాన్ని పుష్కరాలతో కొలిచేది. 1991లో నన్ను చంకనెత్తుకుని ఇదే రేవులో మునిగింది. 2003, 2015 కూడా తప్పలేదు. 2027లో మనవడిని తీసుకొస్తానని మొక్కుకుంది. మా వాడిని మెట్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు మాత్రం తడవనిచ్చాను.

మావయ్య ఇంట్లో ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల కింద అమ్మ ఓటరు స్లిప్ ఉంది. మే నెలలో ఇంటికి తెచ్చి ఇచ్చినది. ‘‘వస్తుందనుకుని ఉంచాను’’ అన్నాడు మావయ్య. నేను తలెత్తలేదు. మా వాడు అది తీసుకుని కూడబలుక్కుని చదివాడు. తెలుగు వాడికి అమ్మమ్మే నేర్పింది, పలక మీద. పేరు, భర్త పేరు, పోలింగ్ కేంద్రం, క్రమ సంఖ్య అన్నీ చదివి, ‘‘ఇది అమ్మమ్మ చీటీయా? ఎన్నో నంబర్?’’ అని అడిగాడు.

స్లిప్ ఇప్పుడు గురుగ్రామ్‌లో, వాడి తెలుగు కాపీ పుస్తకంలో ఉంది. బచ్చలి గింజలు మార్చిలో వేశాను. సగం మొలిచాయి.