కంటి చుక్కలు – మా తొందరపాటు

బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడిన తరువాత కూడా, రుద్రూర్‌లో మేము కొద్దిపాటి చెరకు సాగును వదులుకోలేదు. ఆ తోటలోనే అబ్బాజాన్ కుడికంటికి ఆకు అంచు కోసుకున్నది. పుండు మానినా, కార్నియా అనే పారదర్శకమైన పొర మీద తెల్లని మచ్చ మిగిలి చూపును కప్పివేసింది.

హైదరాబాదులో దాత కార్నియాను అమర్చారు. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు తొలిసారి విజయవంతంగా జరిపిన చికిత్స ఇది. కొత్త పొరను శరీరం తిరస్కరించకుండా స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు. వుజూ నీరు కంటిలో పడకుండా జాగ్రత్తపడ్డాము; సుర్మా మానిపించాము. ఫజ్ర్ తరువాత ఆయన మళ్లీ ఖుర్ఆన్ పారాయణం చేస్తుంటే అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకున్నాము.

నాలుగవ నెలలో కన్ను ఎర్రబడింది. నొప్పి అంతగా లేదు. చెరకు నరికే రోజులు కావడంతో ప్రయాణం వాయిదా వేసి, రోజుకు రెండుసార్లు వేయవలసిన చుక్కలను ఆరుసార్లు వేశాము. నాలుగు రోజులలో చూపు మరింత మసకబారింది.

డాక్టరుగారు కంటిలో రంగుచుక్క వేసి నీలికాంతిలో పరీక్షించారు. చెట్టుకొమ్మలా చీలిన పుండు ఆకుపచ్చగా మెరిసింది. అది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. ఎప్పుడో శరీరంలో చేరి, ముఖనాడులలో ఏళ్లతరబడి నిద్రించగలదు. శస్త్రచికిత్స, స్టెరాయిడ్ దానిని మేల్కొల్పగలవు. పొర మార్చినప్పుడు నాడులు తెగుతాయి కనుక నొప్పి తక్కువగా తెలుస్తుంది. తిరస్కరణకైనా, వైరస్‌కైనా కన్ను ఎర్రబడుతుంది. మొదటిదానికి స్టెరాయిడ్ పెంచుతారు. రెండవదానికి అదే ఆజ్యం అవుతుంది.

చుక్కలు వేసిన అమ్మీ అక్కడే కంటతడి పెట్టుకున్నది. “నా మేలు కోరే వేశావు కదా” అన్నారు అబ్బాజాన్.

అసైక్లోవిర్ మాత్రలు మొదలయ్యాయి. స్టెరాయిడ్‌ను డాక్టరుగారు తగ్గించారే గాని ఒక్కసారిగా ఆపలేదు. ఆపితే పొరకే ముప్పు. కంటి హెర్పిస్ వచ్చి తగ్గినవారు ఏడాదిపాటు ఈ మాత్రలు వాడితే, తిరగబెట్టడం 32 శాతం నుండి 19 శాతానికి తగ్గినట్లు 1998లో వెలువడిన అమెరికా పరిశోధన తేల్చింది. అందుకే నెలలతరబడి వాడవలసివచ్చింది.

పుండు మానింది, సన్నని మబ్బు మిగిలింది. అబ్బాజాన్ ఇప్పుడు పెద్ద అక్షరాల ముస్‌హఫ్‌లో పారాయణం చేస్తున్నారు.

ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని కల్పించాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆ ఔషధపు కొలతను మన ఊహతో మార్చరాదని మేము ఆలస్యంగా గ్రహించాము. సోదర సోదరీమణులారా! కార్నియా మార్పిడి జరిగిన కన్ను ఎర్రబడినా, వెలుతురుకు ఓర్వలేకపోయినా, మసకబారినా ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లండి. చుక్కలు పెంచవద్దు, మానవద్దు. పొలం పని మరునాటికి ఆగుతుంది, కన్ను ఆగదు.