38వ ఇల్లు

పక్షవాతం వచ్చిన మనిషిని వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు మేం మూడు మాటలు చెబుతాం. మందులు వేళకు వెయ్యండి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, నెలకు మళ్లీ చూపించండి. ఆ రెండో పని ఎలా చెయ్యాలో మాత్రం ఎవరూ చేసి చూపించరు, అంత తీరిక ఎవరికీ ఉండదు. నెలకు తిరిగొచ్చేసరికి నడుం కింద ఎముక దగ్గర గుంట పడి, వాసన వస్తూ ఉండేది. ఇంట్లోవాళ్లు తల దించుకుని నిలబడేవాళ్లు, తప్పంతా వాళ్లదే అన్నట్టు. ఎం.ఎస్సీ నర్సింగ్ చదివినా నేనూ ఆ మూడు మాటలే చెప్పి పంపాను, ఏళ్ల తరబడి. పీహెచ్‌డీ చేస్తే దీనిమీదే చెయ్యాలనుకున్నాను.

గైడు దొరకడానికే రెండేళ్లు పట్టింది. నర్సింగ్‌లో పీహెచ్‌డీ ఉన్న ప్రొఫెసర్లు తక్కువ. అప్పటి యూజీసీ 2016 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి మించి తీసుకోకూడదు. ఖాళీ వచ్చేదాకా ఆగి 2017లో చేరాను. పగలు నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ ఉద్యోగం, సెలవు పెట్టిన ప్రతి రోజుకూ జీతం కోత. బాబు అప్పుడు ఒకటో తరగతి.

నా ప్రశ్న చిన్నది. మంచంమీది మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్లకు ఇంటికి పంపేముందే చేత్తో చేయించి నేర్పితే, నెలలోపు పుండు పడకుండా ఆగుతుందా? నూట ఇరవై ఇళ్లు కావాలి. అరవై ఇళ్లకు నేర్పాలి, అరవై ఇళ్లకు వార్డులో మామూలుగా చెప్పేదే చెప్పి పంపాలి. ఎవరు ఎటు వెళ్లాలో సీలు వేసిన కవరు చెబుతుంది. నేర్పని ఇళ్లకు ముప్పయ్యో రోజున ఎలా చెయ్యాలో చూపే బొమ్మల పుస్తకం ఇచ్చి, అంతా చూపించాలి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది. కాగితం మీద చూస్తే నాకూ అందులో తప్పు కనిపించలేదు.

పైలట్ స్టడీలోనే ఒక దెబ్బ తగిలింది. సేవ చేసేవాళ్ల మీద ఎంత భారం పడుతోందో కొలిచే 22 ప్రశ్నల జారిట్ ప్రశ్నావళి తీసుకున్నాను. తెలుగు చేయించి, తిరిగి ఇంగ్లిషు చేయించి, నిపుణుల చేత సరే అనిపించుకున్నాను. తీరా ఒక కోడలిని అడిగితే, "మా అత్తని భారం అనమంటారేంటమ్మా? పాపం తగలదూ?" అంది. ఆ రోజు ఆ తర్వాతి జవాబులన్నీ "ఏం లేదు, ఏం లేదు" అనే. ఆమె చేతులు చూస్తే పగుళ్లు, కళ్ల కింద నలుపు. ఆ మాట మార్చి "కష్టంగా ఉంటోందా" అని పెట్టడానికి మళ్లీ మొదట్నించీ అంతా చేయించాల్సి వచ్చింది. ఆర్నెల్లు పోయాయి. ఆ ఆర్నెల్లకు నేను బాధపడలేదు. అడిగే మాట తప్పయితే వచ్చే అంకె కూడా తప్పే.

38వ ఇల్లు సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్లో. ఆయనకు అరవై దాటాయి, కుడి వైపు పడిపోయింది. కొడుకు హైదరాబాదులో తాపీపని. కోడలే అన్నీ. కవరు తెరిస్తే నేర్పని వరుసలోకి వచ్చారు.

వాళ్లు ఇంటికి వెళ్లిన పదిహేనో రోజున చూడటానికి వెళ్లాను. నులక మంచం మీద ప్లాస్టిక్ పట్టా, దానిమీద తడిసిన దుప్పటి, నడుం కింద గాలి నింపిన సైకిల్ ట్యూబు. ఆ ట్యూబు మెత్తగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి చుట్టూ నొక్కేసి మధ్యలోకి రక్తం ఆడనివ్వదు. ఆయన్ని పక్కకు తిప్పి చూస్తే నడుం కింద రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కాను, తెల్లబడలేదు. పుండుకు అదే మొదటి దశ. తడి తగలకుండా చూసి, ట్యూబు తీసేసి, వీపు వెనక దిండు పెట్టి కాస్త వాలుగా పడుకోబెడితే చాలావరకు అక్కడే ఆగిపోతుంది. పుండు పడే ప్రమాదాన్ని కొలిచే బ్రేడెన్ స్కేలు వేశాను. 23కి 12, అంటే ప్రమాదం ఎక్కువ. కాగితం మీద రాసుకున్నాను. "పీహెచ్‌సీలో ఒకసారి చూపించండమ్మా" అన్నాను, నా ప్రోటోకాల్‌లో ఉన్న మాట అదొక్కటే. సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను.

బస్సుకోసం గంటసేపు నిలబడ్డాను. వెనక్కి వెళ్లి ఆ ట్యూబు తీసి అవతల పడేస్తే పది నిమిషాల పని. వెళ్లలేదు. ఒక ఇల్లు పోతే లెక్క చెడుతుందని, మళ్లీ ఇంకో ఇంటికోసం నెలలు తిరగాలని అనుకుంటూ నిలబడ్డాను. నేను నర్సుని. ఆ గంట నేను నర్సుగా నిలబడలేదు.

ముప్పయ్యో రోజున వెళ్లేసరికి అక్కడ బొటనవేలు పట్టేంత గుంట. ఆయన్ని ఆటో ఎక్కించి పీహెచ్‌సీకి ఎవరు తీసుకెళ్తారు? ఆ సంగతి నేను ఆలోచించలేదు. డ్రెస్సింగ్ చేసి, ఎలా తిప్పాలో, దుప్పటితో ఎలా ఎత్తాలో, మడమలు పరుపుకి తగలకుండా దిండు ఎక్కడ పెట్టాలో అంతా చేసి చూపించాను. పుస్తకం చేతికిచ్చాను. కోడలు పేజీలు తిప్పి బొమ్మలు చూసింది. కాసేపాగి అడిగింది.

"మొన్న వచ్చినప్పుడు కూడా ఇది మీ సంచిలోనే ఉందా, సిస్టరమ్మా?"

ఉందని చెప్పాను. ఆమె ఇంకేం అనలేదు. వెళ్లేటప్పుడు మంచినీళ్లు ఇచ్చింది.

మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజున గైడు మేడమ్ దగ్గరికి వెళ్లి మానేస్తానన్నాను. ఆమె అంతా విన్నారు. "మానేస్తే 39వ ఇంటికి ఏం ఒరుగుతుంది? డిజైన్ మార్చు" అన్నారు. ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టాం. నేర్పని ఇంట్లో నొక్కితే తెల్లబడని ఎరుపు కనిపిస్తే, అక్కడికక్కడే చికిత్స చేసి నేర్పాలి, ఆ ఇంట్లో అదే చివరి కొలత. ఆ తర్వాత అలా పద్నాలుగు ఇళ్లలో ముందే లెక్క ఆపేశాను. ఒక్కసారీ బాధ అనిపించలేదు.

ఆపైన 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పదకొండు ఇళ్ల ముప్పయ్యో రోజు పోయింది. ఫోన్ చేసి మాట్లాడాను గానీ ఫోన్లో వీపు కనిపించదు కదా. బళ్లు తిరిగాక మళ్లీ మొదలుపెట్టి, మహిళలకు ఇచ్చే అదనపు గడువు కూడా వాడుకుని 2024లో థీసిస్ ఇచ్చాను.

వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ పద్నాలుగు ఇళ్ల పట్టిక దగ్గర ఆగారు. ఇవి మధ్యలో ఆపకుండా ఉంటే మీ ఫలితం ఇంకా బలంగా కనిపించేది కదా అన్నారు. అవును సార్ అన్నాను. ఎందుకు ఆపారని అడిగారు. అంతవరకూ ఇంగ్లిషులో జవాబులు చెప్పినదాన్ని, 38వ ఇంటి సంగతి తెలుగులో చెప్పాను.

ఇప్పుడు జూనియర్లు సినాప్సిస్ తెచ్చి చూడమంటారు. టైటిల్ తర్వాత చూస్తాను. నేర్పని వరుసలో మనిషికి దెబ్బ తగులుతోందని కంటికి కనిపించిన రోజున ఏం చేస్తావో రాసిన పేజీ ఏదమ్మా అని ముందు అడుగుతాను. చాలామంది పీహెచ్‌సీకి పంపుతాం అని రాసుకొస్తారు. ఎవరు తీసుకెళ్తారు, ఎందులో తీసుకెళ్తారు, ఆటో డబ్బులు ఎవరిస్తారు, అవి రాసుకురమ్మని తిప్పి పంపుతాను.