‘రేపు రా’ అంటే వెళ్లిపోదు!

ఒకప్పుడు మన ఊళ్లలో చాలా ఇళ్ల తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి ఉండేది. రాత్రిపూట తలుపు తట్టే దెయ్యం అది చదువుకుని వెనక్కి వెళ్లిపోతుందని, మర్నాడొచ్చినా మళ్లీ అదే రాత కనిపిస్తుందని నమ్మకం. ఇప్పుడా రాత తలుపుల మీద లేదు, కంప్యూటర్లోకి వచ్చేసింది. ‘అప్‌డేట్ సిద్ధంగా ఉంది’ అని మూలన చిన్న డబ్బా తెరుచుకోగానే మన వేలు తిన్నగా ‘తర్వాత గుర్తుచేయి’ మీదకే పోతుంది. తేడా ఒక్కటే... అప్పుడు దెయ్యాన్ని రేపు రమ్మన్నాం. ఇప్పుడు గోడకు పడ్డ కన్నం పూడ్చడానికొచ్చిన మేస్త్రిని రేపు రమ్మంటున్నాం!

అప్‌డేట్ అంటే కొత్త హంగులేనని చాలామంది అనుకుంటారు. హంగులూ ఉంటాయి కానీ ముఖ్యమైనవి మరమ్మతులు. సాఫ్ట్‌వేర్ రాసేదీ మనుషులే కాబట్టి ఎక్కడో ఓ సందు మిగిలిపోతుంది. అది బయటపడగానే కంపెనీ సరిచేసి పంపుతుంది. ఇక్కడే ఉంది తిరకాసు. ఒకే మేస్త్రి ఒకే నమూనాలో వంద ఇళ్లు కట్టాడనుకోండి. ఒక ఇంటి గోడకు పచ్చి సిమెంటు కనిపిస్తే చాలు, మిగతా ఇళ్లకు కన్నం ఎక్కడుందో దొంగకు తెలిసిపోతుంది. హ్యాకర్లు చేసేదీ ఇదే. పాత ఫైళ్లనూ కొత్త ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో వెతుకుతారు. మరమ్మతు వేసుకోనివాళ్లకు ఆ రోజు నుంచే గండం మరింత పెరుగుతుంది.

2017 మే 12న విరుచుకుపడిన ‘వాన్నాక్రై’ గుర్తుందా? కంప్యూటర్లోని ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితేనే తీస్తానని బెదిరించిన వైరస్. కొద్దిరోజుల్లోనే 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. ఇంగ్లాండ్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన సందుకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. అంటే 59 రోజుల ముందు!

మా చిన్నమామయ్యకు తెనాలిలో డీటీపీ సెంటర్ ఉంది. వెళ్లినప్పుడల్లా అప్‌డేట్ చేయమని పోరేదాన్ని. ‘‘నీకేం తల్లీ, చెబుతావ్! అది మొదలుపెడితే గంటసేపు చేతులు కట్టుకు కూర్చోవాలి. తీరా అయ్యాక తెలుగు ఫాంట్లు పనిచేయకపోతే పెళ్లివాళ్లకు శుభలేఖలు నువ్విస్తావా?’’ అనేవాడు. ఆ భయం ఉత్తిదేం కాదు. కొత్త విండోస్‌లో పాత సాఫ్ట్‌వేర్లు మొరాయించడం మామూలే.

మామయ్య మనసు మార్చింది నా పోరు కాదు. వాళ్ల వీధిలోనే ఓ ఫొటో స్టూడియో ఉంది. ఓ ఉదయం చూస్తే ఫైళ్లన్నింటికీ తాళాలు పడి ఉన్నాయట. మూడేళ్లుగా ఒక్క అప్‌డేటూ వేయలేదని, పాత సందులోంచే వైరస్ వచ్చిందని బాగుచేసే కుర్రాడు తేల్చాడు. ఆ వారమే ఓ పెద్దావిడ వచ్చింది. కొడుకు పెళ్లిలో తీసిన భర్త ఫొటోను పెద్దకర్మ నాటికి పటం కట్టించుకోవాలని. ఫొటో కంప్యూటర్లోనే ఉంది, తెరుచుకోదు! చేసేదిలేక ఆధార్ కార్డు మీది బొమ్మనే మామయ్య స్కాన్ చేసి పెద్దది చేసిచ్చాడు. ‘‘మొహం సరిగా రాలేదమ్మా’’ అని ఇప్పటికీ బాధపడతాడు.

ఇప్పుడు మామయ్య దగ్గర రెండు కంప్యూటర్లున్నాయి. పాత ఫాంట్లున్నదానికి నెట్ తీసేశాడు. మెయిళ్లు, బ్యాంకు పనులు రెండోదాంట్లో. మైక్రోసాఫ్ట్ మరమ్మతులు సాధారణంగా నెలలో రెండో మంగళవారం వస్తాయి. మనకు అప్పటికి రాత్రవుతుంది. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ అప్‌డేట్ పెట్టి వెళ్తాడు.

విండోస్ ఒక్కటీ చేస్తే సరిపోదు. బ్రౌజర్, పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్... అన్నీ చూసుకోవాలి. ఫైళ్లను కుదించే విన్‌రార్‌లో 19 ఏళ్లుగా దాగున్న ఓ సందు 2019లో బయటపడింది. అది తనంతట తాను అప్‌డేట్ కాదు, మనమే దాని సైటు నుంచి తెచ్చి వేసుకోవాలి. అలాగని ఏ వెబ్‌సైట్లోనో ‘మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి’ అంటే నొక్కేయకండి. ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తోనే కంపెనీ మంగళం పాడేసింది. విండోస్ 10కీ 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ముగిసింది. అదనపు భద్రతా పథకంలో చేరకపోతే దానికి మరమ్మతులు రావు. ఇన్ని చేసినా నూటికి నూరుపాళ్లు భరోసా లేదు కాబట్టి ఫొటోలు, పత్రాల నకలు వేరే హార్డ్‌డిస్కులో ఎక్కించి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి.

ఈ ఆదివారం పేపరు చదవడం అయ్యాక ఓసారి కంప్యూటర్ తెరిచి, ఎన్ని అప్‌డేట్లు ఆగిపోయి ఉన్నాయో చూడండి. దాని పని అది చేసుకుంటుంటే మీరు టీ తాగొచ్చు. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర కంప్యూటర్ ఉంటే ఫోన్ చేసి దగ్గరుండి చేయించండి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మనకు నేర్పింది వాళ్లే కదా!