ఒక్కరి చెవి నుండి నలుగురి చెవులకు



ఆదివారపు ఆరాధన ముగిసి, గుడి మెట్లమీద చెప్పులు తొడుక్కొనే వేళ మా తిరువూరు సంఘములోని యౌవనస్థులు నన్ను అడిగే ప్రశ్నలన్నీ వాక్యమును గూర్చినవే అనుకోకండి. “అయ్యగారూ, మా నాయనమ్మ దగ్గర చిన్న ప్లేయరు ఉందండీ. బైబిలు, కీర్తనలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. దాన్ని కారు స్టీరియోకి కలపడం ఎలాగండీ?” అని అడిగేవారు తరచుగా ఉంటారు. మామిడికాయల బేరానికి పాత కారు కొన్నవారు, రోగులను తీసికొని విజయవాడ ఆసుపత్రులకు తిరిగేవారు, కుటుంబముతో పెండ్లిండ్లకు వెళ్లేవారు – వీరందరిదీ ఒకటే ప్రశ్న.

ప్రశ్న చిన్నదే. గాని ఒక్కరు వినేదాన్ని కారులోని అందరూ వినేటట్లు చేయడం చిన్న పని కాదని మా ఇంటిలో జరిగిన ఒక సంగతి నాకు నేర్పింది. అది చెప్తూ, వైరు ఎక్కడ గుచ్చాలో కూడ వ్రాస్తాను.

1963లో ఫిలిప్స్ కంపెనీవారు బెర్లిన్ నగరపు ప్రదర్శనలో అరచేతిలో ఇమిడే క్యాసెట్టును చూపించారు. మన పల్లెలకు ఆ క్యాసెట్టు వచ్చినప్పుడు, టేపురికార్డరు ఉన్న ఇంటి అరుగుమీద నలుగురూ చేరి వినేవారు. 1979 జులైలో జపాను దేశపు సోనీ కంపెనీ వాక్‌మన్ అనే చిన్న ప్లేయరును అమ్మకానికి తెచ్చింది. అప్పటినుండి కోరుకొన్న పాట జేబులోకి, అక్కడినుండి ఒక్కరి చెవిలోకి చేరింది. ఆ మొదటి వాక్‌మన్‌లో ఒక విశేషమున్నది. ఇద్దరు కలిసి వినడానికి దానికి ఇయర్‌ఫోను రంధ్రములు రెండు పెట్టారు. ఒక నారింజరంగు బొత్తాము కూడ ఉండేది. దాన్ని నొక్కితే పాట తగ్గి, చిన్న మైకు ద్వారా ప్రక్కవారి మాట వినబడేది. ఒక్కరే వింటూ కూర్చోవడం ప్రక్కనున్నవారికి అమర్యాద అవుతుందని ఆ కంపెనీ పెద్ద అకియో మోరీటా తలచి ఆ ఏర్పాటు చేయించారు. కాని కొన్నవారు ఎక్కువగా ఒంటరిగానే విన్నారు. తరువాత వచ్చిన చాలా వాక్‌మన్‌లలో ఆ బొత్తాము లేదు.

ఇక మా నాన్నగారి సంగతి. ఆయన పల్లెలోని సంఘములో గంట కొట్టి, కీర్తన ఎత్తిన మనిషి. 2016లో ఆయన మూత్రపిండములు చెడిపోయాయి. మా పొరుగున ఎ.కొండూరు మండలపు తండాలలో ఈ జబ్బు ఎన్ని ఇండ్లను కృంగదీసిందో ఈ ప్రాంతమువారికి నేను చెప్పనక్కరలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్ కొరకు విజయవాడ వెళ్లవలసి వచ్చేది. మా పాత మారుతీ కారులో ఇంకా చీకటి ఉండగానే బయలుదేరేవారము. ఎ.కొండూరు, మైలవరం, జి.కొండూరు, ఇబ్రహీంపట్నం మీదుగా 70 కిలోమీటర్లు దాటిన ప్రయాణం. అక్కడ నాలుగు గంటలు మిషను దగ్గర. మరల అదే దారిన ఇంటికి.

నాన్నగారి జేబులో సబ్బుబిళ్లంత ప్లేయరు ఒకటి ఉండేది. దాని మెమరీకార్డులో తెలుగు బైబిలు, కీర్తనలు ఉండేవి. వాటితోపాటు మా అమ్మ పాడిన పాటలు కూడ ఉండేవి. 1994లో మా ఇంటిలో జరిగిన స్త్రీల కూడికను టూ-ఇన్-వన్ మీద ఒక క్యాసెట్టులో ఎత్తారు. అమ్మ 2009లో ప్రభువునందు నిద్రించింది. ఆ క్యాసెట్టులోని పాటలను మా తమ్ముడు కార్డులోకి ఎక్కించి నాన్నగారికి ఇచ్చాడు.

కారు ఎక్కగానే నాన్నగారు రెండు చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకొనేవారు. మా ఇద్దరి మధ్య గేరురాడ్డు మాత్రమే అడ్డు. అయినా ఆయనొక ఊళ్లో, నేనొక ఊళ్లో ఉన్నట్లుండేది. సెలవులలో పిల్లలు వెంట వస్తే వెనుక సీటులో వారి చెవులలోనూ వైర్లే. కారులో నలుగురము, నాలుగు మౌనములు. ప్లేయరుకున్న బుల్లి స్పీకరు ఇంజను మోతలో వినబడదు. పోనీ అసలు క్యాసెట్టునే కారులో వేద్దామంటే, ఆ స్టీరియో అప్పటికే రెండు క్యాసెట్లను నమిలి టేపును బయటికి లాగి యున్నది. అమ్మ గొంతును దాని నోటికి అప్పగించడానికి నాన్నగారు ఒప్పుకోలేదు.

చివరకు ఒక కారు ఎలక్ట్రీషియను నాకు వైరు ఉన్న క్యాసెట్టు ఒకటి ఇచ్చాడు. చూడడానికి మామూలు క్యాసెట్టే గాని లోపల టేపు ఉండదు. టేపు ఉండవలసిన చోట చిన్న అయస్కాంతపు హెడ్డు ఉంటుంది. వైరు కొసనున్న పిన్నును ప్లేయరుకు గుచ్చి, క్యాసెట్టును స్టీరియోలోకి త్రోయాలి. ప్లేయరులోని పాట ఆ హెడ్డు దగ్గరకు వచ్చి, దానికి ఎదురుగా ఆనియున్న స్టీరియో హెడ్డుకు అందుతుంది. తనయెదుట నిజమైన టేపే తిరుగుతున్నదని స్టీరియో అనుకొంటుంది. శబ్దం రాకపోతే రెండవవైపు తిప్పే బొత్తాము నొక్కి చూడాలి.

ఆ ఉదయం బండి కదలకముందే పిన్ను గుచ్చాను. ముందు ఎవరిదో దగ్గు వినబడింది. తరువాత ఒక కోడికూత. అటుపిమ్మట అమ్మ పాట ఎత్తింది. వెనుకనుండి స్త్రీలందరు అందుకొన్నారు. పిల్లలు చెవులలోని వైర్లు తీసివేశారు. “ఎవరు తాతయ్యా పాడేది?” అన్నాడు మా అబ్బాయి. వాడు పుట్టేనాటికి అమ్మ లేదు. “మీ నాయనమ్మరా” అన్నారు నాన్నగారు. “మరి తాళాలు వేసేదెవరు?” అని మా అమ్మాయి అడిగింది.

నాన్నగారు కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, “మా తమ్ముడమ్మా. మీ చిన్నతాతయ్య” అన్నారు.

పొలం గట్టు తగాదాలో ఆ అన్నదమ్ములు ఇద్దరికీ చాలా ఏండ్లుగా మాటలు లేవు. నేను సంఘకాపరినై యుండి కూడ ఆ మాట ఇంటిలో ఎత్తితే నాన్నగారు లేచి వెళ్లిపోయేవారు. ఆ రోజు మాత్రం మైలవరం చేరేవరకు తమ్ముని గూర్చే చెప్పారు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే తాళాల జతకోసం ఎలా కొట్లాడుకొన్నారో, తమ్ముని చేతిలో తాళం ఎప్పుడూ తప్పలేదో చెప్పారు. మూడు వారాల తరువాత ఒక తిరుగు ప్రయాణంలో, “అబ్బాయ్, బండి వాళ్ల ఊరివైపు తిప్పు” అన్నారు. చిన్నాన్న వాకిట్లోకి వచ్చి, అన్న చేతిమీది సూది గుర్తులు చూచి, ఏమీ అనకుండా చెయ్యి పట్టుకొని లోపలికి తీసికొని వెళ్లాడు. ఆపైన చాలా వారాలు చిన్నాన్న కూడ మాతో విజయవాడ వచ్చాడు. 2017లో నాన్నగారు వెళ్లిపోయినప్పుడు పాడెకు ముందు భుజం పట్టినది ఆయనే.

ఆ పాటలు నాన్నగారు అంతకుముందు ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. కాని ఆయన చెవిలోనే ఉన్నంతకాలం తాళాలు వేసేదెవరని అడిగేవారు లేరు. బయటికి వినబడినప్పుడు ఒక పసిబిడ్డ అడిగింది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములోని ఐతియొపీయుడు జ్ఞాపకానికి వస్తాడు. గాజాకు పోవు దారిలో రథముమీద కూర్చొని యెషయా గ్రంథమును చదువుకొంటున్నాడు. అతడు పైకి చదివాడు గనుకనే ఫిలిప్పు చెవిని పడింది, ప్రశ్న పుట్టింది, ఇద్దరూ ప్రక్కప్రక్కన కూర్చున్నారు. మనసులోనే చదువుకొని యుంటే ఫిలిప్పుకు ఏమి వినబడును?

ఇప్పుడు మీ కారుకు ఏది సరిపడుతుందో చూచుకోండి.

క్యాసెట్టు స్టీరియో అయితే పైన చెప్పిన వైరు క్యాసెట్టు చాలు. స్టీరియో ముందుభాగములో ఆక్స్ అని వ్రాసిన చిన్న రంధ్రముంటే మరీ సులువు. రెండు కొసల 3.5 మిల్లీమీటర్ల పిన్నులున్న వైరు కొని, ఒక కొస ప్లేయరు ఇయర్‌ఫోను రంధ్రములోను, రెండవది స్టీరియోలోను గుచ్చి, స్టీరియోను ఆక్స్‌కు మార్చాలి. ముందు రంధ్రము లేకపోతే సెట్టు వెనుక ఎరుపు, తెలుపు గుండ్రని సాకెట్లున్నవేమో మెకానిక్కును చూడమనండి. ఎరుపు కుడి స్పీకరుకు, తెలుపు ఎడమ స్పీకరుకు. ప్లేయరు వైరును స్పీకరు వైర్లకు మాత్రం తిన్నగా ముడివేయనియ్యకండి. ప్లేయరు కాలిపోవచ్చును.

రేడియో తప్ప మరేమీ లేని కారుకు ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు ఉన్నది. సిగరెట్ లైటరు సాకెట్టులో పెట్టే చిన్న పరికరమది. ప్లేయరు పాటను అది చిన్న రేడియో స్టేషనువలె కారులోనే ప్రసారం చేస్తుంది. 87.5 నుండి 108 వరకు గల అంకెలలో ఏ స్టేషనూ లేని చోటు వెదకి, పరికరములోను రేడియోలోను అదే అంకె పెట్టాలి. మన ఊరి దగ్గర ఖాళీగా ఉన్న అంకె మీద పట్నం దగ్గరపడేకొద్దీ వేరొక స్టేషను వచ్చి పడవచ్చును. అప్పుడు అంకె మార్చుకోవాలి.

యు.ఎస్.బి. రంధ్రమున్న స్టీరియోకు ప్లేయరుతో పనిలేదు. అవే పాటలను ఎం.పి.3 రూపములో పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. పాత సెట్లు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవునే చదువుతాయి. ఎక్కించేవారికి ఈ మాట చెప్పండి. క్రొత్త కార్లలోని బ్లూటూత్‌కు వైరే అక్కరలేదు. ఫోనును ఒకసారి జతచేస్తే చాలు. అంకెలు అడిగితే సాధారణంగా 0000 గాని 1234 గాని ఉంటుంది.

రెండు చిన్న చిక్కులు అందరికీ వస్తాయి. ప్లేయరు శబ్దం పూర్తిగా పెంచితే పాట బొంగురుపోతుంది. దాన్ని ముప్పాతిక వరకు ఉంచి, మిగిలినది స్టీరియో దగ్గర పెంచుకోవాలి. ఆక్స్ వైరుతోపాటు కారు సాకెట్టు నుండి చార్జింగు కూడ పెడితే, ఇంజను వేగమునుబట్టి గుయ్యిమనే మోత వస్తుంది. చార్జింగు వైరు తీసివేస్తే చాలావరకు పోతుంది.

ఇవన్నీ బండి కదలకముందే చేయాలి. మన ఊరిమీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారిలో లారీల రద్దీ మీకు తెలియనిది కాదు. బండి నడుపుతూ ఫోను చేతపట్టుకొంటే, 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారం మొదటిసారే అయిదు వేల రూపాయల వరకు జరిమానా గాని, జైలు గాని, రెండూ గాని పడవచ్చును. జరిమానా కట్టి రావచ్చును, ప్రాణము తిరిగి రాదు. పాట మార్చే పని ప్రక్క సీటులోనివారికి అప్పగించండి. వెనుకవారి హారను వినబడేంత మట్టుకే శబ్దం పెట్టండి.

ఇంకొక మనవి. మీ ఇంటి పెట్టెలో పాత క్యాసెట్లు ఉంటే ఈ నెలలోనే బయటికి తీయండి. ఎండ, తడి, స్పీకర్ల అయస్కాంతము వాటిని పాడుచేస్తాయి. పట్నంలో క్యాసెట్టును కార్డులోకి ఎక్కించేవారుంటే వెదకి, ఆలస్యం చేయక ఎక్కించుకోండి. అమ్మమ్మలు, తాతయ్యలు ఇంకా సజీవులై యుంటే మీ ఫోనులోనే వారి గొంతు ఎత్తిపెట్టుకోండి. పాట రానివారైతే ఊరి సంగతులు చెప్పించండి. దగ్గు వచ్చినా, కోడి కూసినా తుడిచివేయకండి.

వైరు కలిపి, పాట మొదలై, వెనుక సీటులోనుండి ఒక పిల్లవాడు “ఇదెవరు?” అని అడిగినప్పుడు, స్టీరియో శబ్దం తగ్గించి జవాబు చెప్పండి. పాట తరువాతైనా వినవచ్చును.