పాపికొండలకు ప్రయాణ సన్నాహము

కొండలకు పోవుట రెండు మూడు దినముల పని. పోవుదమని యింటిల్లిపాదియు ఒక్క మాటమీదికి వచ్చుట మాత్రము మా యింట వినాయకచవితినాడు మొదలై కార్తికమాసము దాక సాగినది. సోదరీమణులలో పలువురకు ఇట్టి చిక్కులు ఎదురగుచునే యుండును గావున, మాలో జరిగిన చర్చను ఇచట వ్రాయుచున్నాను.

మా నర్సీపట్నము కొండల పాదముననే యున్నది. అయినను కొండల చెంత నివసించువారు కొండలను చూచుట అరుదు. బట్టలారవేయుటకు మేడమీదికి పోయినపుడు నీలముగా కనబడు గీతయే మాకు కొండ. మాట మొదట ఎత్తినవారు మాయింటివారు. వారు బడిపిల్లలకు సాంఘికశాస్త్రము బోధించుదురు. గోదావరికి ఇరుదరులను వ్యాపించిన పాపికొండల అడవి 1978లో అభయారణ్యమై, 2008లో జాతీయోద్యానమైనదనియు, దాని విస్తీర్ణము 1,012 చదరపు కిలోమీటర్లనియు, పెద్దపులి, చిఱుతపులి, అడవిదున్న, కణితి, ఎలుగుబంటి మొదలగునవి అందు కలవనియు ఏటేట పాఠము చెప్పి చెప్పి, "కంట చూడని అడవిని ఇంకెన్నాళ్లు చెప్పుదును?" అని ఒకనాడు భోజనమువేళ అనిరి.

పిల్లల కోరిక వేఱు. వారికి లంబసింగి కావలెను. తోటిపిల్లలు అచటి మంచులో నిలిచి తీయించుకొన్న ఫోటోలను చూచినది మొదలు అదే జపము. మా అత్తగారి కోరిక మఱియొకటి. ఆమెకు డెబ్బదిరెండేండ్లు. 1991 పుష్కరములలో రాజమహేంద్రవరమున గోదావరీస్నానము చేసిరి. 2003లో మామగారి జబ్బు అడ్డువచ్చినది, 2015లో జనసమ్మర్దమునకు జంకి ఆగిరి. మరల 2027లో పుష్కరములు రానున్నవి. "అంతదాక ఈ మోకాళ్లు నా మాట వినవద్దటే అమ్మాయీ? జనము లేనప్పుడే ఒక్కమారు గోదాట్లో ముంచి తీసుకురండి," అని ఆమె నాతో రహస్యముగా చెప్పిరి. కొడుకుతో చెప్పుటకు ఆమెకు మొగమాటము.

నా కోరికను ఎవ్వరును అడుగలేదు. అది తరువాత చెప్పెదను.

లంబసింగి మాకు దగ్గఱ. ఘాటురోడ్డున గంట, గంటన్నర ప్రయాణము. సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల యెత్తున నున్న ఆ పల్లెకు కొఱ్ఱబయలు అను మఱొక పేరు కలదు. రాత్రి బయటనుండినవాడు కొఱ్ఱవలె, అనగా కట్టెవలె, బిగుసుకొనిపోవునని దాని భావమట. మార్గశిర పుష్యములలో ఒకొక్క తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దరిదాపులకు దిగును. ఆంధ్రదేశమున ఇట్టి చలి మఱెచ్చటను సులభముగా దొరకదు గనుకనే ఆదివారములలో పట్టణములనుండి బండ్లు బారులు తీరుచున్నవి. సూర్యోదయమునకు ముందే చేరవలెనని అర్ధరాత్రి బయలుదేరి, చలిమంట యొద్ద టీ త్రాగి, ఫోటోలు తీసికొని, తాజంగి జలాశయము చూచి, పది గంటలకు తిరుగుముఖము పట్టుట అచటి వాడుక. ఆ పల్లెవారి నిద్ర యేమగునో ఎవ్వరును ఆలోచింపరు. వెనుక మిగులునవి కాగితపు గ్లాసులును ప్లాస్టిక్కు సీసాలును. ఉబ్బసమున్న పెద్దామెను ఆ చలిలో అర్ధరాత్రి తీసికొనిపోవుట నాకు సమ్మతము కాలేదు. పిల్లలకు మాత్రము ఒక మాట యిచ్చితిమి: కార్తికమున వనభోజనములకు పగటివేళ లంబసింగిమీదుగా చింతపల్లి దాక పోవుదము, కాఫీతోటలును, పోకచెట్లవంటి సన్నని మ్రాకులకు అల్లుకొన్న మిరియపు తీగెలును చూతము. ఘాటురోడ్డు మలుపులను అత్తగారు తట్టుకొందురో లేదో కూడ దానితో తెలిసిపోవును. అట్లే చేసితిమి. ఆమె సుఖముగా కూర్చుండిరి. వాంతులు చేసికొన్నది చిన్నవాడు.

ఇక దినముల నిర్ణయము. మాష్టార్ల యిండ్లలో సెలవులకు కొఱత లేదని లోకము తలచును. లెక్కవేసి చూచినచో దసరా సెలవులలో గోదావరి యింకను ఎఱ్ఱగా పారుచుండును, వరద తగ్గనిదే పడవలు నడపనీయరు. అదియునుగాక నవరాత్రులలో ఇల్లు కదలుట యెట్లు? సంక్రాంతికి ఆడపడుచులు పిల్లలతో వత్తురు. ఆ వారము నేను వంటయిల్లు దాటి వీథిగుమ్మము దాక వచ్చుటయే గొప్ప. వేసవిలో సెలవులు దీర్ఘమే గాని అప్పుడు ఆ కొండలనడుమ ఎండ నిప్పులు చెఱుగును. పురుషుల సెలవులకును స్త్రీల సెలవులకును పంచాంగమొక్కటి కాదు.

మా నాయనగారు చిన్ననాట నాకు మనుచరిత్రము చెప్పిరి. పెద్దన కావ్యమున ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపమును పూసికొని హిమవత్పర్వతమునకు ఎగిరిపోయెను. ఆ మంచు సొగసులు చూచుచుండగా లేపము కరగిపోయెను, వరూధిని యెదురయ్యెను, ఆపై కథ అందఱెఱిగినదే. ఆయన యిల్లాలిని గూర్చి కవి చెప్పినది మాత్రము ఎంతయో కాదు. ఎందఱు అతిథులు వచ్చినను విసుగక వండిపెట్టునట్టి యన్నపూర్ణ అని మెచ్చుకొని యూరకుండెను. ఆ లేపము కొంచెము ఆమె పాదములకును పూసినచో ఏమి పోయెనని నేనప్పుడే అడిగితిని. నాయనగారు నవ్వి, "అప్పుడు కథ యెక్కడిదే?" అనిరి. ఈ సంగతి నేను మాయింటివారితో చెప్పి, "ఈ ప్రయాణమున నేను పొయ్యి మోయను, గిన్నెలు మోయను. మూడు దినములు ఎవరైనను వడ్డించినది తినెదను. నా కోరిక అదియే," అంటిని. వారు కొంత తడవు ఊరకుండి, "న్యాయమే," అనిరి.

అయితే అత్తగారి మడి? ఆమె పైయూళ్లలో అన్నము ముట్టరు. ఈ యొక్క కారణముచేతనే మా యింట ఎన్ని ప్రయాణములు ఆగినవో! ఎవరివలననైన ఆగినవన్న మాట ఆమె చెవిని పడరాదని ఇన్నాళ్లును అందఱము దాచుచుంటిమి. ఈసారి నేను దాపఱికము లేక నిదానముగా అడిగితిని. "మీరు లేక మేము పోము. మీ కొఱకు వండుచు కూర్చున్నచో నేను పోయినట్లే కాదు. ఏమి చేయుదము చెప్పండి," అంటిని. ఆమెకు కోపము వచ్చునని భయపడితిని. ఆమె తమలపాకు ఈనె తీయుచు, "మూడు రోజులకి మహా అయితే ఏం కావాలి నాకు? అటుకులు, బెల్లం, అరటిపళ్లు, నువ్వుండలు. ఉపవాసాలలో తినటం లేదూ?" అనిరి. ఇన్నేండ్ల ముడి ఇంత సులభముగా విడునని నేననుకొనలేదు. సున్నియుండలు, వేయించిన అటుకులు, చింతపండు పులుసుతో కలిపిన మొదటిదినపు పులిహోర ఆమె మూటలోనివి. తక్కిన మేమందఱము అచట దొరకినది తినెదము. మారేడుమిల్లిలో వెదురుబొంగులో కూరి కాల్చిన కోడిమాంసమునకు ప్రసిద్ధి. అది మాకు పనికిరాదు గాని, బొంగులో బియ్యము వండు విధమును చూడవలెనని మా పెద్దపిల్లకు కుతూహలము.

అత్తగారి గోదావరీస్నానమునకు మాఘమాసమును మించినది లేదు. అప్పటికి నది తేటపడును, చలి మితముగానుండును, దోమలును తగ్గును. మాఘమున వచ్చు రెండవ శనివారము, మరునాటి ఆదివారము, దానికి తోడు వారు పెట్టుకొను ఒక్క దినపు సెలవు. ఇట్లు మూడు దినములు కుదిరినవి. శివరాత్రినాడు మాత్రము కాదు. అప్పుడు పట్టిసీమ తీర్థమునకు జనము విరగబడుదురు.

త్రోవలు రెండు. రైలున రాజమహేంద్రవరము చేరి, అచటనుండి రంపచోడవరముమీదుగా మారేడుమిల్లి పోవుట యొకటి. నర్సీపట్నం రోడ్డు అను స్టేషను పేరు చూచి మా ఊరిలోనే దిగుదుమనుకొను చుట్టములకు హెచ్చరిక: అచటినుండి మా ఊరికి మరల ఇరువదియైదు కిలోమీటర్లకు పైగా బస్సున రావలెను. రెండవది కొండల అంచుననే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరము. మాయింటివారికి ఇదియే ప్రాణము. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలను పట్టుకొనిన దారి యిది. తీసికొనిపోయిన తుపాకులకు లెక్కవ్రాసి చేవ్రాలు పెట్టిపోయిన ఆ మహనీయుడు 1924 మే 7న కొయ్యూరు చెంత కాల్చబడెను. సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. దామనపల్లి కనుమలో 1922 సెప్టెంబరు 24న అతని మన్యపువీరుల చేత మడిసిన ఇద్దఱు ఆంగ్లాధికారుల గోరీలు మా నర్సీపట్నముననే కలవు. పిల్లలు ఆ రెంటిని చూచి, "వీరిని ఇక్కడెందుకు పాతిరి?" అని అడిగినప్పుడు చెప్పవలసిన కథ పెద్దది. సమాధివద్ద నిలిచి చెప్పినచో తేలికగా తెలియునని నేను కూడ రెండవ త్రోవకే ఒప్పుకొంటిని. పోవునప్పుడు కారున ఆ త్రోవ, వచ్చునప్పుడు రైలు. కారు బాడుగకు నా చీటీసొమ్ములో కొంత తీసితిని.

పడవ విషయమున మాత్రము నేను సులభముగా లొంగలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు చెంత, వరద పొంగులో, పాపికొండలకు పోవు పడవ మునిగి పలువురు మరణించిరి. వారిలో మావంటి కుటుంబములే యెక్కువ. ఆ పిమ్మట పడవలు ఆగి, 2021లో కట్టుదిట్టములతో మరల నడచినవి. నేను మూడు నియమములు పెట్టితిని. నీటిమట్టము చూచి అధికారులు అనుమతించిన దినముననే ఎక్కవలెను. గట్టుమీదనే అందఱము తేలుచొక్కాలు తొడుగుకొని, దిగుదాక విప్పరాదు. చీరెమీద ఎబ్బెట్టుగా నుండునని అత్తగారు తీసివేయరాదు. పడవ క్రిక్కిరిసియున్నచో సొమ్ముపోయినను ఎక్కక తిరిగివత్తుము. చివరిదానికి మాయింటివారు, "అంతదూరము పోయి, గట్టుననుండి తిరిగివచ్చుటయా?" అనిరి. "గట్టుననైనను గోదావరియే గదా, మీ అమ్మగారి స్నానమునకు గట్టు చాలును," అంటిని. ఆ మాట నెగ్గినది.

ఈయేడే పోవలెనన్న పట్టుదలకు మఱొక కారణము కలదు. పోలవరము ఆనకట్ట పూర్తియై నీరు 45.72 మీటర్ల మట్టమున నిలిచిననాడు ఆ కొండలనడుమ గోదావరి యిప్పటి గోదావరి కాదు. ఇసుకతిన్నెలు, రేవులు, ఒడ్డున కొండరెడ్ల గుడిసెలు మునిగిపోవును. ఇప్పటికే దేవీపట్నపు ప్రాంతములోని ఊళ్లెన్నో ఖాళీయైనవి. ఆ జనులు పుట్టినయిండ్లు విడిచి పునరావాసపు కాలనీలకు తరలిరి. వారు విడిచిన నీటిమీద మేము పల్లీలు నమలుచు పోవుదుము గదా అని తలచినప్పుడు మనసు చివుక్కుమనును. పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పితిని. పెద్దపిల్ల, "అయితే వాళ్ల ఊళ్ల పేర్లు అడిగి వ్రాసికొందునా?" అన్నది. వ్రాసికొనుమంటిని. మనుష్యులను అడుగకుండ ఫోటోలు తీయరాదని చిన్నవానికి రెండుమారులు చెప్పితిని, మూడవమారు బయలుదేరునాడు చెప్పెదను.

సామాను పట్టికలో మొదటిది దోమతెరలు. మన్యపు జ్వరమును పూర్వులు ఊరక భయపడలేదు. మలేరియా దోమలు కొన్ని స్వచ్ఛమైన సెలయేటి అంచులందే గ్రుడ్లుపెట్టి రాత్రివేళ కుట్టును. సాయంకాలమునుండి పిల్లలకు పొడుగుచేతుల చొక్కాలు తొడుగవలెను. తిరిగివచ్చిన తరువాత ఎవరికి జ్వరము తగిలినను, మన్యమునకు పోయివచ్చితిమని వైద్యునికి ముందుగా చెప్పి నెత్తురు పరీక్ష చేయించవలెను. అత్తగారి ఉబ్బసపు మందు రెండు సంచులలో వేఱువేఱుగా నుండవలెను. ఒక సంచి పోయినను మఱొకటి యుండును. చిన్నవానికి అల్లపుమురబ్బా, ముందు సీటు. వాడుకొన్న ప్లాస్టిక్కు సమస్తమును తిరిగి తెచ్చుకొనుటకు గోనెసంచి యొకటి.

మారేడుమిల్లిలో గిరిజనులే నడుపు అడవిశాఖవారి వసతిలో రెండు గదులకు మాయింటివారు సొమ్ము కట్టిరి. పులి కనబడునా అని చిన్నవాడు అడుగగా, మనము కనబడుదుము, అది కనబడదు అని వారు చెప్పిరి. తులసికోటకు నీరు పోయుటకు ప్రక్కింటి పిన్నిగారు ఒప్పుకొన్నారు. అత్తగారు తమ స్నానపు చీరెను ఇప్పటికే ఉతికి మడతపెట్టి, పెట్టె అడుగున ఉంచిరి.