ఉదరవితానం

వితానమంటే మేలుకట్టు, చాందినీ. ఉరఃకుహరానికి నేలగా, ఉదరానికి పైకప్పుగా ఉండే పలుచని కండరానికి ‘ఉదరవితానం’ అని పేరు పెట్టినవారెవరోగాని రసజ్ఞులు. ‘విభాజక పటలం’ అనే మరో పేరూ ఉన్నది. అందులో అర్థం ఉంది, అందం లేదు. పక్క తరగతిలో సైన్సు మాస్టారు పాఠం చెబుతుండగా ఆ మాట ఎన్నోసార్లు చెవిన పడింది. ఆ వస్తువును కంటితో చూస్తానని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మా బావగారు న్యుమోనియాతో ఐసీయూలో చేరి తొమ్మిది రోజులు వెంటిలేటరు మీద ఉన్నారు. జ్వరం తగ్గింది, ఊపిరితిత్తులు తేటపడ్డాయి. అయినా యంత్రసాయం తగ్గించిన అరగంటకే ఆయాసం. గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చడానికి అక్కయ్యను సంతకం అడిగారు. ఆమె కాగితం పట్టుకొని నా వంక చూసింది. అప్పుడే వచ్చిన వైద్యురాలు “ఉండండమ్మా, ముందు కండరాన్ని చూద్దాం” అన్నారు.

గర్భిణులకు వాడే స్కానింగు వంటిదే ఇదీ. కుడి చంకకు సూటిగా దిగువన, 8, 9 పక్కటెముకల నడుమ జెల్లు రాసి ప్రోబు ఆనించారు. తెరపై రెండు తెల్లని గీతలు, వాటి మధ్య నల్లని పట్టీ. అదే ఉదరవితానం! ఆరోగ్యవంతులలోనూ దాని మందం ఇంచుమించు 2 మిల్లీమీటర్లేనట. పుట్టింది మొదలు రాత్రింబవళ్లు ఊపిరి మోసేది ఇంత పలుచనిదా!

యోగశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, రేచకాంతంలో ఒకసారి, పూరకాంతంలో ఒకసారి ఆ పట్టీని కొలుస్తారు. మొదటి కొలతపై ఎంత శాతం పెరిగిందన్నదే లెక్క. 20 శాతానికి లోపైతే బలహీనమని, 30 దాటితే గొట్టం తీయడానికి అనుకూలమని స్థూలంగా భావిస్తారు. (మిత్రులలో వైద్యులుంటే సరిదిద్దవలెను.) యంత్రమే గాలి నెట్టుతుండగా కొలిస్తే రోగి సొంత శక్తి తెలియదు గనుక సాయం తగ్గించి కొలిచారు. 1.7 నుండి 1.9. అంటే 12 శాతం.

కారణాలలో ఒకటి నన్ను విస్మయపరచింది. విశ్రాంతి! యంత్రం పని చేసిపెడుతుంటే కండరం క్షీణిస్తుంది. 2008లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, మెదడు మరణించి 18 నుండి 69 గంటలు వెంటిలేటరుపై ఉన్న అవయవదాతల ఉదరవితానాన్ని పరిశీలించారు. కండరపు పోగుల అడ్డుకోత వైశాల్యం సాధారణం కంటే సగానికి పైగా తక్కువ. నిండా మూడు దినాలైనా కాలేదు! అలాగని సాయం మరీ తగ్గిస్తే శ్రమాధిక్యంతోనూ అది దెబ్బతింటుందట.

“సంతకం నాలుగు రోజులు ఆపుదాం” అన్నారామె. గొంతు రంధ్రాన్ని నేను నిందించను, ఎందరినో బ్రతికించింది. కాని చూడగలిగినదాన్ని చూసి నిర్ణయించడం వేరు. మరునాటి నుండి బావగారు తనంతట తాను కొంత ఊపిరి తీసేట్లు యంత్రాన్ని సర్ది, కూర్చోబెట్టి, రోజూ కొలిచారు. కొలత కుడివైపే. అక్కడ కాలేయం కిటికీలా ఉపకరిస్తుంది, ఎడమన కడుపులోని గాలి అడ్డు. అయిదవనాడు 1.8 నుండి 2.4. మూడో వంతు పెరుగుదల! నేను సంబరపడబోతే, “అంకె ఒక్కటే చాలదు మాస్టారూ, దగ్గు బలం, కఫం, తెలివి, అన్నీ చూడాలి” అన్నారు. పదోవంతు మిల్లీమీటరు చేయి కదిలితేనే మారిపోతుందట. ఆ మాటతో ఆమెపై నా గౌరవం పెరిగింది.

మరునాడు గొట్టం తీశారు. బొంగురు గొంతుతో బావగారు అక్కయ్యను అడిగిన మొదటి ప్రశ్న, పాలవాడికి ఈ నెల డబ్బు ఇచ్చావా అని.